మచ్చ కనిపించే ఆ ఫొటోలు డిలీట్ చేసేయాలా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్. నేనూ మా ఆయనా కలిసి ఫొటో స్టూడియో నడుపుతున్నాం. పెళ్లిళ్లు ఆయన చూసుకుంటారు. ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, బారసాలలు ఎక్కువగా నేనే తీస్తాను. నాకు 43 ఏళ్లు. కిందటేడు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. కీమో, రేడియేషన్ అయిపోయి ఇప్పుడు మాత్రల మీద ఉన్నాను. ఆపరేషన్‌కి ముందు రోజు నుంచి నన్ను నేను ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టాను. ఎందుకో నాకే తెలియదు. కుట్లు, డ్రెయిన్ సంచి, జుట్టు ఊడిన తల, అన్నీ తీశాను. ఒకరోజు వాటిని కంప్యూటర్‌లో చూస్తుంటే చెయ్యి దానంతటదే క్లోన్ టూల్ మీదికి వెళ్లింది. మచ్చ మొత్తం చెరిపేశాను. చెరిపాక ఏడుపు ఆగలేదు. కంట్రోల్ జెడ్ కొట్టి మళ్లీ మచ్చను తెచ్చుకున్నాను. ఈ ఫొటోలు మా ఆయన కంటపడ్డాయి. "ఆ రోజులు ఎప్పుడు మర్చిపోతానా అని నేను చూస్తుంటే నువ్వు దాచిపెట్టుకుంటున్నావా? తీసెయ్" అన్నారు. అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు. కీమో రోజుల్లో నాకు రాగిజావ కాచి పోసిన అత్తయ్య కూడా ఇది అపశకునం అంటున్నారు. బీటెక్ చదివే మా అమ్మాయి మాత్రం "ఇది ఆర్ట్ అమ్మా, ఇన్‌స్టాలో పెడదాం" అంటోంది. నాకేమైనా మానసిక జబ్బు వచ్చిందా? డిలీట్ చేసేయాలా? ఇంకో బాధ కూడా ఉంది. ఈమధ్య సీమంతాలకి నన్ను పిలవడం తగ్గించారు. మా ఆయన్ని రమ్మంటున్నారు. పేరు, ఊరు వేయవద్దు.

జవాబు: చెల్లెమ్మా, డిలీట్ చేయకండి. మిగతాదంతా నెమ్మదిగా మాట్లాడుకుందాం. ముందు ఆ పని మాత్రం ఆపండి.

ఉత్తరం చదివి ఎవరి మనసుకు ఏ జబ్బుందో చెప్పడం డాక్టర్లకే కుదరదు, నాకెలా కుదురుతుంది? కానీ జబ్బు పడ్డ మనిషి తన ఫొటో తను తీసుకోవడం పిచ్చి కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. మీకంటే ముందు ఆ పని చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకావిడ అచ్చం మీలాగే స్టూడియో నడిపిన మనిషి.

ఆవిడ పేరు జో స్పెన్స్. 1934లో లండన్‌లో పుట్టింది, కూలి పని చేసుకునే కుటుంబం. పెళ్లిళ్ల ఫొటోలు, కుటుంబాల ఫొటోలు తీస్తూ బతికింది. అంటే జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని, నవ్వమని చెప్పి, బాగా కనిపించేలా తీసి ఇవ్వడం ఆవిడకీ జీవనోపాధే. అలా కొన్నేళ్లు తీశాక ఆవిడకొక అనుమానం పట్టుకుంది. ఇంటింటి ఆల్బమ్‌లో పుట్టినరోజులు, పెళ్లిళ్లు, విహారయాత్రలేనా ఉండేది? ఇంట్లో జబ్బు పడ్డవాళ్లేరీ? గొడవలేవీ? అంట్లు తోమే మనిషేది? 1979లో సొంత కుటుంబ ఫొటోలనే ముందు పెట్టుకుని ఈ ప్రశ్నలతో ఒక ప్రదర్శన చేసింది. మన కరిజ్మా ఆల్బమ్‌లకీ ఇదే ప్రశ్న వేయొచ్చు. ఓణీల ఫంక్షన్ పిల్ల మొహం మీద మొటిమలు మీరెన్ని తీసేసి ఉంటారు! చామనఛాయ పిల్లని ఒక రంగు పెంచమని తల్లులు ఎన్నిసార్లు అడిగి ఉంటారు! ఏళ్ల తరబడి అదే పని చేసిన చెయ్యి, ఎదురుగా మచ్చ కనబడగానే క్లోన్ టూల్ పట్టుకుందంటే నాకేం ఆశ్చర్యంగా లేదు. మళ్లీ అదే చెయ్యి కంట్రోల్ జెడ్ కొట్టింది చూడండి, మీ ఉత్తరంలో నేను పదే పదే చదువుకున్నది ఆ ఒక్క ముక్కనే. మచ్చ లేని ఆ ఒళ్లు మీది కాదని మీకు తెలిసిపోయింది. ఆపరేషన్, కీమో, వాంతులు, నిద్రలేని రాత్రులు, ఇన్ని పడి బయటికొచ్చిన మనిషిని ఆ బొమ్మలోంచి తీసేస్తే ఏడుపు రాక ఏమొస్తుంది?

1982లో జో స్పెన్స్‌కి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రిలో ఆవిడ మంచం మీద పుస్తకం చదువుకుంటూ ఉండగా తెల్లకోటు వేసుకున్న కుర్ర డాక్టరొకాయన, వెనక స్టూడెంట్లతో వచ్చాడు. నేను ఫలానా అని కూడా చెప్పుకోలేదు. కాగితాలు చూసుకుని, వంగి, ఆవిడ ఎడమ రొమ్ము పైన సిరాతో ఇంటూ గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. అది తీసేయబోతున్నారట. అప్పుడు ఆవిడ నోట్లోంచి "వద్దు" అనే మాట వచ్చింది. ఇదంతా ఆవిడే తర్వాత రాసుకుంది. నిజానికి ఆపరేషన్‌కి ముందు ఒంటిమీద గుర్తు పెట్టడం మన భద్రత కోసమే. మీకూ పెట్టే ఉంటారు. ఆవిడని కుంగదీసింది గుర్తు కాదు, అందులో తన మాటకి చోటు లేకపోవడం. ఆపరేషన్‌కి ముందు తీయించుకున్న ఒక ఫొటోలో ఆవిడ ఎడమ రొమ్ము మీద పెన్నుతో "జో స్పెన్స్ సొత్తేనా?" అని రాసి ఉంటుంది. చివర ఆ ప్రశ్నార్థకం చూస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నా ఒళ్లు నాదేనా అని ఒక మనిషి అడగాల్సిన పరిస్థితి!

తర్వాత ఆవిడ ఆసుపత్రిలోకి కెమెరా తీసుకెళ్లింది. చాలా భయపడ్డానని, ఆ భయాన్ని తట్టుకోవడానికే కెమెరా బయటికి తీశానని చెప్పింది. మామోగ్రామ్ తీసేటప్పుడు మాత్రం తనని తాను తీసుకోవడం కుదరక, ఎక్స్‌రే తీసే అమ్మాయిని బతిమాలి ఆ ఒక్కటీ తీయించుకుంది. మీరు "ఎందుకో నాకే తెలియదు" అన్నారే, దానికి ఆవిడ చెప్పిన కారణం మీకూ సరిపోతుందేమో చూడండి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అందరూ మనల్ని చూస్తారు. డాక్టరు, నర్సు, స్కానింగ్ మిషను, చూడ్డానికొచ్చిన చుట్టాలు. కెమెరా చేతిలో ఉన్న కాసేపు మాత్రం చూసేది మనమే. ఇరవై నాలుగు గంటల్లో ఆ కాసేపైనా దొరికితే మనిషి నిలదొక్కుకుంటుంది.

అయితే ఒక్క విషయం. స్పెన్స్ రొమ్మంతా తీయించుకోకుండా గడ్డ వరకే తీయించుకుంది. తర్వాత చైనా వైద్యం వైపు వెళ్లింది. అది ఆవిడ నిర్ణయం, ఆ కాలం సంగతి. ఫొటోల విషయంలో ఆవిడ మాట వినండి. మందుల విషయంలో మీ క్యాన్సర్ డాక్టరు మాటే వినండి. మాత్రలు ఒక్క రోజు కూడా మానకండి, చెకప్‌లు వాయిదా వేయకండి.

ఇక మీ ఆయన సంగతి. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో ఆయన అన్న మాట మళ్లీ చదివాను. అందులో అసహ్యం కనిపించలేదు నాకు, భయమే కనిపించింది. మీరు థియేటర్‌లో మత్తులో ఉన్నప్పుడు ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆ గంటలు మీకు గుర్తుండవు, ఆయనకి గుర్తుంటాయి. వాటి గురించి ఆయన్ని ఎవరైనా అడిగారా? మన ఇళ్లల్లో జబ్బు పడ్డవాళ్లని అడగడమే తక్కువ, పక్కన నిలబడ్డవాళ్లని అసలు అడగం. మీరు అడగండి. ఫొటోల ఊసు తేకుండా, "ఆ రోజు బయట ఏం చేశారు, ఏమన్నా తిన్నారా" అని మొదలుపెట్టండి. అది అయ్యాక, ఇంకోరోజు, "ఇవి నేను ఎవరికోసమో తీయలేదు, మీకు చూడాలనిపించకపోతే చూడొద్దు, కానీ తీసేయమని అనొద్దు" అని చెప్పండి. ఆయన ఒప్పుకోవడానికి టైం పట్టొచ్చు.

కలిసి పనిచేసే దారి కూడా ఒకటుంది. స్పెన్స్ ఫొటోల్లో చాలావాటి వెనక ఆవిడ సహచరుడు టెర్రీ డెన్నెట్ ఉన్నాడు. రొమ్ము మీద రాసుకున్న ఆ ఫొటో కూడా ఆయనతో కలిసి చేసిందే. 1984 నుంచి రోజీ మార్టిన్ అనే ఇంకో స్త్రీతో కలిసి ఆవిడ ఒక పద్ధతి తయారుచేసింది. దానికి ఫొటో థెరపీ అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరిలో ఒకరు కెమెరా ముందు, ఒకరు వెనక. ఎలా కూర్చోవాలి, ఏం కట్టుకోవాలి, ఏ సంగతి చెప్పాలి అన్నది ముందున్నవాళ్ల ఇష్టం. వెనకున్నవాళ్లు "ఇలా తిరుగు, అలా నవ్వు" అనరు. వింటారు, తీస్తారు. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. స్పెన్స్ అలా తన తల్లి వేషం కూడా కట్టుకుంది, తల్లి మీద ఏళ్లుగా ఉన్న కోపాన్ని, జాలిని అక్కడ బయటపెట్టుకుంది. మీ దగ్గర స్టూడియో ఉంది, లైట్లున్నాయి, కెమెరా పట్టడం తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, షట్టర్ సగం దించుకుని కూర్చునే రోజులవి. ఒక మధ్యాహ్నం మీ ఆయన్ని అడగండి. మచ్చ ఫొటోలు కాదు, మీకు నచ్చిన చీర కట్టుకుని, విగ్గు లేకుండా, ఇప్పుడిప్పుడే వస్తున్న ఆ పొట్టి జుట్టుతో కూర్చోండి. లైటు ఎక్కడ పెట్టాలో మీరు చెప్పండి, ఆయన తీస్తారు. తర్వాత ఆయన కూర్చుంటారు, మీరు తీయండి. ఆయన వద్దంటే బలవంతం చేయొద్దు.

ఆయనతో కాదు, ఇంకో ఆడమనిషి అయితేనే నాకు స్థిమితంగా ఉంటుంది అనిపిస్తే అందులోనూ తప్పులేదు. మన హైదరాబాద్‌లోనే 1892లో లాలా దీన్ దయాళ్ అనే పేరుమోసిన ఫొటోగ్రాఫర్ ఆడవాళ్ల కోసం విడిగా ఒక జెనానా స్టూడియో తెరిచారు. పరదాలో ఉండే స్త్రీలని తీయడానికి అక్కడ కెమెరా పట్టింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆవిడ. కెమెరా వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ముందున్న మనిషి ఒళ్లు బిగుసుకోవడం, సడలడం ఉంటుందని ఫొటోలు తీసే మీకు నేను చెప్పాలా!

మీ అమ్మాయికి ఏం చెప్పాలంటారా? ఇప్పుడే ఇన్‌స్టాలో వద్దు. ఆ పిల్ల ప్రేమతోనే అంటోంది, తల్లిని చూసి గర్వపడుతోంది. కానీ తీసుకోవడం వేరు, చూపించడం వేరు. మొదటిది మీరు చేసేశారు. రెండోది చేయకపోయినా మొదటిదాని విలువేమీ తగ్గదు. మతుష్కా అనే అమెరికా కళాకారిణి రొమ్ము తీసేసిన తన మచ్చని తనే ఫొటో తీసుకుంది. 1993 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ వాళ్ల ఆదివారం పత్రిక దాన్ని అట్టమీద వేసింది. తెల్ల గౌను, ఆ పక్కన గుడ్డ లేకుండా మచ్చ. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లున్నారు, ఇదేం పత్రిక అని మండిపడ్డవాళ్లున్నారు. ఆవిడ అన్నిటికీ సిద్ధపడి చూపించింది. మీరింకా సిద్ధంగా లేరు, నన్ను అడిగారంటేనే తెలుస్తోంది. సిద్ధపడాలన్న రూలు కూడా ఎక్కడా లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా నిబంధనల ప్రకారం ఆపరేషన్ మచ్చల ఫొటోలు పెట్టుకోవచ్చు, నిజమే. కింద కామెంట్లు రాసేవాళ్లకి ఆ నిబంధనలు మర్యాద నేర్పవు కదా. ఒకసారి బయటికెళ్లిన ఫొటో వెనక్కి రాదు. మీ అత్తగారి చుట్టాల గ్రూపులో అది తిరిగితే ఆ టెన్షన్ పడేది మీరు.

అమ్మాయికి వేరే పని అప్పగించండి. ఒక్కో ఫొటో మీరు చూపిస్తూ చెబుతుంటే తను రాసుకోవాలి. ఇది ఏ రోజు, ఆ రోజు ఏం తిన్నారు, పక్క మంచం ఆవిడ ఏమంది, కీమో గదిలో ఏసీ ఎంత చలి పెట్టింది. ఆ రాత ఫొటోలకి జత అవుతుంది. ఆ పిల్లకీ కొన్ని సంగతులు తెలియాలి, మీ జబ్బు రోజుల్లో తనని హాస్టల్‌లో ఉంచి చాలా దాచి ఉంటారు మీరు.

మచ్చ దగ్గరే ఆగిపోవద్దని కూడా చెబుతాను. లటోయా రూబీ ఫ్రేజియర్ అని అమెరికాలో ఒక నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఉంది. పెన్సిల్వేనియాలో ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న బ్రాడక్ అనే చిన్న ఊరు ఆవిడది. అమ్మమ్మని, అమ్మని, లూపస్ అనే, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఒంటిమీద తిరగబడే జబ్బుతో బాధపడే తనని, 2010లో మూతపడ్డ వాళ్ల ఊరి ఆసుపత్రిని, అన్నిటినీ ఏళ్లపాటు నలుపు తెలుపులో తీసింది. 2014లో పుస్తకంగా తెచ్చింది. కొన్ని ఫొటోలకి షట్టర్ నొక్కింది వాళ్లమ్మే. ఆ పుస్తకంలో జబ్బంటే ఒక్క ఒళ్లే కాదు, ఇల్లు, ఊరు, ఫ్యాక్టరీ పొగ, ఆసుపత్రికి ఎంత దూరం పోవాలన్నది, అన్నీ. మీరూ అలా చూడండి. ఆసుపత్రికి ఎక్కిన బస్సు, ఓపీ చీటీ, మాత్రల డబ్బా, ఆరేసిన తలగుడ్డలు. మీ అత్తయ్యని అడిగి ఆవిడ రాగిజావ కాస్తుండగా తీయండి. అపశకునం అంటున్నారంటున్నారు గానీ, పొయ్యి దగ్గర నిలబడి గరిట తిప్పిన మనిషి ఆవిడే కదా. ఆ చేతులు కూడా మీ ఆల్బమ్‌లో ఉండాలి. ఆ ప్రింటు ఆవిడ చేతిలో పెట్టండి. ఆవిడ ఏమంటారో నాకు రాయండి.

ఆసుపత్రిలో తీసేటప్పుడు మాత్రం ముందు అడిగి తీయండి. వేరే పేషెంట్ల మొహాలు ఫ్రేములోకి రానివ్వకండి. వాళ్లలో ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లు కూడా ఉంటారు.

దాచుకోవడం గురించి. మీది పదిమంది వచ్చిపోయే స్టూడియో, ఆ కంప్యూటర్ మీద ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాళ్లు కూర్చుంటారు. ఆ ఫొటోలు అందులో ఉండకూడదు. విడిగా ఒక హార్డ్ డిస్క్ కొనుక్కుని అందులో వేసుకోండి, బీరువాలో చీరల కింద పెట్టుకోండి. మెమరీ కార్డులో తీసేసినవి మళ్లీ రికవరీ చేయొచ్చని మీకు తెలుసు. కాబట్టి ఆ కార్డు మళ్లీ ఫంక్షన్లకి వాడొద్దు, కుర్రాళ్ల చేతికివ్వొద్దు. ఫోన్‌తో తీసినవి ఉంటే ఆటోమేటిక్ బ్యాకప్ ఎవరి అకౌంట్‌కి వెళ్తోందో ఈ రోజే చూడండి. ఇంటిల్లిపాదికీ ఒకటే అకౌంట్ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. లాక్ వేసే ఫోల్డర్ ఉంటుంది, అందులోకి మార్చండి. ప్రింట్లు కావాలంటే ల్యాబ్‌కి పంపకుండా మీ స్టూడియో ప్రింటర్ మీదే, మీరే వేసుకోండి.

ఫొటోలు చూసుకోవడం ఎప్పుడు మంచిది కాదో కూడా చెప్పాలి. చూశాక మనసు కాస్త తేలికపడితే, ఏడ్చినా తర్వాత నిద్రపడితే, ఇబ్బంది లేదు. అలా కాకుండా రాత్రుళ్లు లేచి లేచి అవే చూస్తున్నా, తిండి సహించకపోయినా, చెకప్‌కి వెళ్లబుద్ధి కాకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. మీ క్యాన్సర్ డాక్టరుకి చెబితే మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తారు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫొటో థెరపీ అని నేను పైన చెప్పింది డాక్టరుకి బదులు కాదు.

సీమంతాలకి పిలవడం తగ్గించారని చదివి నాకు ఒళ్లు మండింది. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు, కడుపుతో ఉన్న పిల్లకి మీ నీడ వల్ల ఏమీ కాదు. చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చిన ఆడమనిషి వచ్చి దీవిస్తే అంతకంటే శుభమేముంది? ఈ మాట మీరు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోనక్కర్లేదు. మీ ఆయన చెప్పాలి. సీమంతం ఆర్డర్ వచ్చినప్పుడు, "అవి మా ఆవిడే తీస్తుంది, నాకంటే బాగా తీస్తుంది" అని ఆయన ఫోన్‌లో అంటే చాలు. ఒకటి రెండు ఆర్డర్లు పోతే పోనివ్వండి. ఆయనతో మాట్లాడేటప్పుడు ఇది కూడా అడగండి, ఫొటోల సంగతి కంటే దీనికి ఆయన త్వరగా ఒప్పుకుంటారనుకుంటున్నాను.

పనిలోకి వెళ్లే ముందు ఒక జాగ్రత్త. మీకు ఎడమ చంకలో గ్రంథులు తీశారు కాబట్టి ఆ చెయ్యి వాచే అవకాశం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. కెమెరా బరువంతా లెన్సు కింద పట్టే ఎడమ చేతి మీదే పడుతుందని మీకు తెలుసు. చెయ్యి బరువుగా అనిపించినా, గాజులు, ఉంగరం బిగుతైనా వెంటనే చూపించుకోండి. ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అలాగని చెయ్యి కదపకుండా దాచుకోవడం కూడా మంచిది కాదు, కొద్దికొద్దిగా బలం పెంచుకోవాలి. బెల్టు ఎడమ భుజానికి వేయకండి. మొదట్లో చిన్న లెన్సుతో, గంటా రెండు గంటల ఫంక్షన్లు ఒప్పుకోండి, వీలున్నచోట మోనోపాడ్, అదే ఒంటికాలి స్టాండు, వాడండి. ఎంత బరువు ఎత్తొచ్చో ఫిజియోథెరపిస్ట్‌ని అడగండి. అడగడానికి వెళ్లేటప్పుడు కెమెరా, పెద్ద లెన్సు, ఫ్లాష్ అన్నీ బిగించి మీ అమ్మాయి చేత మోయించుకుని వెళ్లి, దాన్ని ఫిజియోథెరపిస్ట్ చేతికిచ్చి పట్టుకోమనండి. మీ పనిలో బరువెంతో అప్పుడు తెలుస్తుంది.